తారాబాయికి ఉప్పు తెలియదు

తారాబాయికి ఉప్పు తెలియదు.

కారం తెలుసు, పులుపు తెలుసు. పక్కింట్లో పాలు అడుగంటితే ఆ ఇంటివాళ్ళకంటే ముందు ఆవిడకే తెలుస్తుంది. చెక్కమెట్ల మీద చెప్పుల చప్పుడు విని, వచ్చేది గ్యాసువాడో, పెళ్ళి కార్డు పట్టుకొచ్చే చుట్టమో చెప్పేస్తుంది. ఒక్క ఉప్పు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ మహాతల్లి చేతులెత్తేస్తుంది.

"నా నాలుకకు ఉప్పు తెల్వది బాబా, నేనేం చెయ్యాలె? దేవుడట్ల చేసిండు" అంటుంది.

అని ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. గరిటె నిండా కూర తీసుకుని, కింద ఎడమ అరచెయ్యి పట్టి, ముంబై కామాఠీపురాలో, వరసగా ఒంటిగది ఇళ్ళుండే ఆ పాత చాల్ రెండో అంతస్తు గ్యాలరీలోకి బయలుదేరుతుంది. "ఉప్పు సూడుండ్రి!" అని ఒక కేక. ఆ కేక వినగానే తెలిసినవాళ్ళు నోరు తెరుస్తారు, తెలియనివాళ్ళు పారిపోతారు. పారిపోయినవాళ్ళు కూడా మెట్ల దాకా వెళ్ళి, ఆ వాసనకి ఆగి, మెల్లగా వెనక్కి వస్తారు.

ఎవరిని వదిలింది గనక! నిచ్చెన మీద నిలబడి కేబుల్ వైరు బిగిస్తున్నవాడి నోట్లోకి కిందినుంచే గరిటె అందించింది. ఎన్నికలప్పుడు కాగితాలు పంచడానికి వచ్చిన కుర్రాణ్ణి ఆపి, "ఓటు సంగతి మల్ల సూద్దాం భావూ, ముందు ఉప్పు సూడు" అంది. వాడు చూసి, "మస్త్ ఆహే మావశీ" అని ఎవరి తరఫున వచ్చాడో మరిచిపోయి వెళ్ళిపోయాడు.

ఈ ఊరేగింపులన్నీ చూసి లోలోపల ఉడికిపోయే మనిషి ఒకతే. తారాబాయి కోడలు మయూరి.

మయూరి పరేల్‌లో పెరిగిన తెలుగు పిల్ల. కోపమొస్తే మరాఠీ, ముద్దొస్తే హిందీ, ఆకలేస్తే మాత్రం తెలుగు. రితేశ్‌ని చేసుకుని ఈ ఇంటికొచ్చి ఇంకా ఏడాది తిరగలేదు. దాదర్‌లో కళ్ళద్దాల దుకాణంలో ఉద్యోగం. రోజంతా ఎవరెవరికో అక్షరాలు కనిపించేలా చేసి, సాయంత్రం లోకల్ ఎక్కి, కమ్మీకి తల ఆనించి కళ్ళు మూసుకుంటే, ఆమెకు కనిపించేది ఒక్కటే: పళ్ళెంలో పొగలు కక్కే అన్నం. అన్నం నడుమ గుంట. గుంటలో ఎర్రటి పులుసు. ఆవిరి మెలికలు తిరుగుతూ రైలు కప్పు దాకా లేచేది, ఫ్యాను రెక్కల్లో చిక్కుకునేది, గ్రాంట్ రోడ్ వచ్చేసరికి పెట్టె అంతా చింతపండు వాసనే. "ఉతర్నా హై క్యా?" అని, దిగుతావా లేదా అన్నట్టు, వెనకామె భుజం తట్టేదాకా మయూరి ఆ ఆవిరిలోనే ఉండేది.

అందులోనూ బుధవారం. ఆ చాల్‌లో సోమవారం శివుడిది, మంగళవారం గణపతిది, గురువారం బాబాది, శుక్రవారం అమ్మవారిది, శనివారం మారుతిది. మధ్యలో మిగిలిన బుధవారం మనుషులది. అంటే నీసు వండుకునే రోజు. తారాబాయి బుధవారం పూట ఎండు బొంబిల్ చేపలు, వంకాయ కలిపి పులుసు పెట్టి, జొన్నరొట్టెలు కొడుతుంది. తాతలు పాలమూరు నుంచి తెచ్చిన చింతపండు చెయ్యి, ముంబై సముద్రం ఇచ్చిన చేప, రెండూ ఆ గిన్నెలో కలిసి ఉడుకుతుంటే ఫోరస్ రోడ్ మీద నడిచేవాళ్ళు కూడా తలెత్తి చూస్తారు.

చూసి ఏం లాభం? తినే యోగం ఉండాలిగా. పులుసు దింపగానే గరిటె గడప దాటుతుంది. మొదటి తీర్పు పక్కింటి పోచయ్యది. పోచయ్య ఎప్పుడైనా "బరాబర్" అంటాడు. ఇసుక పెట్టినా బరాబరే, అందుకని ఆ తీర్పు చెల్లదు. ఎదురు గదిలో నీత "థోడా కమ్ హై" అంటుంది. ఒకరు బరాబర్, ఒకరు తక్కువ. మరి తేల్చేదెవరు? గ్యాలరీ చివరి గదిలో ఉండే బక్కయ్య మేస్త్రీ.

బక్కయ్య పేరుకు తగ్గట్టు బక్కగా, నిటారుగా ఉంటాడు. మనిషికంటే మీసం బరువు. ఈ ఊళ్ళో ఎన్ని గోడలు లేపాడో ఆయనకే లెక్కలేదు. ఇప్పుడు చేతులు వణుకుతాయని పని మానేశాడు గానీ తిట్టడం మానలేదు. గుమ్మంలో స్టూలు వేసుకుని, కడిగి తుడిచిన స్టీలు పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు.

"వట్టి గంటె నాలుక మీద పెడితె ఉప్పెట్ల తెలుస్తదే? అన్నంల కలిపితె గదా ఎరుకయ్యేది! అన్నం తే."

తారాబాయి అన్నం తెస్తుంది. ఆయన కలుపుతాడు, తింటాడు, పైకప్పు వైపు చూస్తాడు.

"తక్వైంది."

ఆవిడ పరుగున ఇంటికొచ్చి, మళ్ళీ అన్నం, మళ్ళీ పులుసు. "ఇప్పుడు సూడన్నా."

"ఇంక జరంత."

మూడో విడతకి "ఆఁ, ఇగ నడుస్తది" అని చెయ్యి కడుక్కుంటాడు. కడుక్కుంటూ తిట్లు మొదలు. "ఇన్నేండ్లాయె, ఉప్పు తెల్వకపాయె నీకు! నువ్వు నా దగ్గర సిమెంటు మాల్ కలిపితే గోడలన్ని వానకు జారిపోవా!"

చాల్ మొత్తాన్ని గడగడలాడించే తారాబాయి అక్కడ తల వంచుకుని నిలబడేది. మయూరికి ఒళ్ళు మండిపోయేది. ఇంటికొచ్చి చూస్తే గిన్నె సగం, అన్నం చల్లన. ఆ ఇంట్లో గడప దాటనిది జొన్నరొట్టె ఒక్కటే. అందులో ఉప్పు వెయ్యరు కనుక.

మయూరి దాదర్ నుంచి కొలత చెంచాల గొలుసొకటి కొనుక్కొచ్చింది. "ఇదిగో అత్తమ్మా, ఈ చెంచాతో ఒకటి వేస్తే సరిగ్గా సరిపోతది. ఇంక ఎవర్నీ అడగొద్దు."

తారాబాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "మంచిగనే ఉంది గని బిడ్డా, చెంచకు నాలుకుంటదా?" అని మేకుకు తగిలించి, గరిటెతో బయటికి నడిచింది.

"ఎందుకు అరుస్తవ్ మయూ? అమ్మకి ఆదత్ అది" అన్నాడు రితేశ్. కొడుకన్నాక అంతకంటే ఏమంటాడు!

ఒక ఆదివారం మధ్యాహ్నం జడివాన. గ్యాలరీ నిండా ఆరని బట్టలు. మయూరికి ఉన్నట్టుండి ఒక కొంటె ఆలోచన వచ్చింది. అత్తగారి చాయ్‌లో చక్కెరతో పాటు చిటికెడు ఉప్పు కూడా వేసింది. తారాబాయి సీరియల్ చూస్తూ, ఒక గుక్క తాగి, గ్లాసు ఠక్కున కింద పెట్టింది.

"థూ! ఇదేం చాయ్ పోరీ! చౌపాటి సముద్రం నీళ్ళు పట్కొచ్చి కాసినవా? ఇంత ఉప్పా!"

అనేసి, ఆగిపోయింది. టీవీలో ఎవరో ఏడుస్తున్నారు. ఫ్యాను తిరుగుతోంది.

"ఉప్పా అత్తమ్మా?" అంది మయూరి మెల్లగా.

తారాబాయి కిటికీ వైపు చూసింది, వాన వైపు చూసింది. "ఏమో... చక్కెర గూడ అయ్యుండొచ్చు" అంది.

ఇంకేముంది, దొంగ దొరికిపోయింది! ఇన్నాళ్ళూ తన వేడి అన్నం చల్లార్చింది ఈ నాటకమేనా? మయూరి నడుం మీద చెయ్యి పెట్టుకుని తేల్చి చెప్పింది. "బుధవారం వంట నాది. ఉప్పు నాది. గరిటె గడప దాటదు. ఒక్క రోజు, ఒక్కటే రోజు, మనం ముగ్గురం వేడివేడిగా కూర్చుని తిందాం."

పెద్ద యుద్ధమే అవుతుందనుకుంది. తారాబాయి చివరి గది వైపు ఒక చూపు చూసి, "నీ ఇష్టం బిడ్డా" అని ఊరుకుంది. అలా ఊరుకోవడం మయూరికి అసలు నచ్చలేదు.

బుధవారం వచ్చింది. వాన వెలిసి గ్యాలరీ అంతా పసుపు రంగు వెలుతురు. ఎవరింట్లోనో కుక్కరు కూత, ఎక్కడో రైలు కూత, ఏది ఏదో తెలియని సంధ్యవేళ. మయూరి బొంబిల్ తలలు తుంచి, పొడి పెనం మీద వేయించి, వేడినీళ్ళలో వేసింది. ఊదారంగు చిన్న వంకాయలు నీళ్ళలో తేలుతుంటే కాసేపు చూస్తూ నిలబడింది. నూనెలో వెల్లుల్లి చిటపటలాడింది, ఉల్లిపాయ ఎర్రబడింది, చింతపండు రసం పోయగానే ఇల్లంతా ఒక్కసారి పెద్దగా ఊపిరి పీల్చుకున్నట్టయింది. చెంచాతో తలకొట్టి ఒక్క కొలత ఉప్పు వేసింది. చెంచా కడిగి, తుడిచి, మేకుకు తగిలించి, కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకొచ్చింది. తారాబాయి స్టవ్ ముందుకు జరిగి, ధప్ ధప్ మని రొట్టెలు కొడుతూ, గిన్నె వైపు మాత్రం పరాయి ఇంట్లోలాగా ఓరగా చూస్తోంది.

రొట్టెలన్నీ గుడ్డలో చుట్టారు. మూడు పళ్ళేలు పెట్టారు. అన్నం గుట్ట, నడుమ గుంట, గుంటలో ఎర్రటి పులుసు. రైల్లో చూసిన ఆవిరి అదే, అదే మెలిక తిరుగుతూ లేస్తోంది. మయూరి కళ్ళు చెమ్మగిల్లాయి. ఉల్లిపాయలవల్ల కాదు.

అప్పుడు చివరి గదిలోంచి బక్కయ్య గొంతు సవరించుకున్నాడు.

మళ్ళీ ఒక దగ్గు. మయూరి గుమ్మంలోంచి తొంగి చూసింది. ముసలాయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. చేతులు కడుక్కున్నాడు, ఇంకా తడి ఆరలేదు. పళ్ళెం ఒళ్ళోనే ఉంది. కళ్ళు ఇటువైపే ఉన్నాయి. మయూరిని చూడగానే చటుక్కున తల తిప్పి, గోడ సరిగ్గా ఉందో లేదో చూస్తున్నట్టు నటించాడు.

వెనక్కి తిరిగితే, తారాబాయి పళ్ళెం ముట్టుకోలేదు.

"అత్తమ్మా, ఏంటిది? చెప్పండి" అంది మయూరి.

"మేస్త్రీ పెండ్లాం యాదమ్మ వదిన పోయినంక ఆయన పొయ్యి ముట్టియ్యలే బిడ్డా. చాయ్ తాగి పండుకునెటోడు. డబ్బ కట్టి పంపిస్తి. ఎట్ల పోయిన డబ్బ అట్లనే వాపసొచ్చె. 'పని చెయ్యకుంట ఎవ్వరింటి కూడు తినలే, ఇప్పుడు తింటనా' అని నా మీదనే గరమైండు. ఇగ ఏం చెయ్యాలె? ఒకనాడు గంటె పట్కొని పోయి, అన్నా, నా నాలుక సచ్చిపోయింది, జర ఉప్పు సూడు అన్న. మస్తు తిట్టిండు. తిట్టుకుంట తిట్టుకుంట కడుపునిండ తిన్నడు. ఆయనకు పని దొరికె, నాకు పాణం నిమ్మలమాయె."

"మరి పోచయ్య మామకి, నీతకి, ఆ కేబుల్‌వాడికి ఎందుకు?"

"ఒక్కనికే సూపిస్తె అనుమానం రాదానే? మేస్త్రీ మనిషాయె. అందుకే గ్యాలరీ అంత తిరగవడ్తి."

రితేశ్ నోరు తెరిచాడు. ఇరవై ఎనిమిదేళ్ళొచ్చినా తల్లి నాలుక సంగతి వాడికీ ఇప్పుడే తెలిసింది.

మయూరి, కొంగు లేదు గనక చున్నీ నడుముకు చుట్టింది. తన పళ్ళెంలోని వేడి అన్నమే మరో గిన్నెలోకి వంచి, దాని మీద ఇంకాస్త పులుసు పోసి, గరిటె చేతపట్టి గ్యాలరీలోకి వచ్చింది. సిగ్గుపడుతూనే కేకేసింది.

"ఉప్పు... సూడుండ్రి!"

"బరాబర్!" అన్నాడు పోచయ్య, ఇంకా రుచి చూడకుండానే.

బక్కయ్య మీసం కింద సంతోషం దాచుకోలేక అవస్థపడ్డాడు. "ఇంత ఆల్శమా? తార యాడ సచ్చింది?"

"రొట్టెల పనిలో ఉంది తాతా. నువ్వు ఉప్పు సూడు."

ఆయన పెద్ద ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. పెట్టుకోగానే కళ్ళు పెద్దవయ్యాయి. మీసం ఒకసారి వణికింది. ముద్ద అక్కడే ఆగింది, కాసేపు ఆలోచించింది, చివరికి లోపలికి వెళ్ళింది. చెంబెడు నీళ్ళు గటగటా తాగి, మళ్ళీ ఒక ముద్ద. ఇంకో చెంబు. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా తల ఎత్తలేదు.

"ఎట్లుంది తాతా?"

బక్కయ్య పైకప్పు వైపు చూశాడు. కంటి చివర నీళ్ళు నిలిచాయి.

"జర తక్వైంది" అన్నాడు. "ఫికర్ చెయ్యకు బిడ్డా, కొత్త గదా నీకు. రోజు తెచ్చి నాకు సూపియ్యి, అలవాటైతది."

మయూరి గాల్లో తేలుతున్నట్టు ఇంటికొచ్చింది. వచ్చేసరికి రితేశ్ కుండ దగ్గర కూలబడి, "పానీ! అమ్మా, పానీ!" అంటున్నాడు. తారాబాయి కొంగు నోటికడ్డం పెట్టుకుని ఉంది.

"పోరీ! నువ్వు ఉప్పేసినవా?"

"వేశాగా! కొలిచి వేశాను."

"అయ్యో, చెంచ పొడిపొడిగ మేకుకుంటె మర్సినవనుకున్న. నేను గూడ పిడికెడేస్తి!"

మయూరి గరిటె నాకి చూసి "ఆయీ గ!" అని కేకేసింది. చౌపాటి అంతా అందులోనే ఉంది. ఇంట్లో ముగ్గురున్నారు, వడ్డించేముందు గడప లోపల ఒక్కరూ నాలుకన పెట్టి చూడలేదు. ఆ అలవాటు ఆ ఇంట్లో ఎవరికుంది గనక!

"ముసలాయన తిన్నడా? ఏమన్నడు?" అంది తారాబాయి గాభరాగా.

"జర తక్కువైందన్నడు."

"తక్వైందన్నడా?"

"రోజూ తెచ్చి సూపియ్యమన్నడు."

అత్తా కోడలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తారాబాయి అలాగే నేల మీద చతికిలబడింది. నెత్తి కొట్టుకుని, నవ్వు ఆపుకోలేక గోడకు ఒరిగిపోయింది. "ముసలోనికి తెలుసు! ఎప్పటిసంది తెలుసో ఏమో! నాటకం నేనొక్కదాన్నే ఆడుతున్ననుకుంటి గదనే!"

నవ్వి నవ్వి అన్నం చల్లారిపోయింది. పులుసులో నీళ్ళు పోసి మళ్ళీ పొయ్యి మీద పెట్టారు. మయూరికి ఆ పూట ఆవిరి సంగతే గుర్తుకు రాలేదు. గుడ్డ విప్పి రొట్టె తుంచబోతుంటే చివరి గదిలోంచి గట్టిగా కేక వినిపించింది.

"తారవ్వా! ఇయ్యాల రొట్టెల ఉప్పు సూపియ్యవా?"

మయూరి గుడ్డలోంచి రెండు వేడి రొట్టెలు తీసి పళ్ళెంలో పెట్టుకుని లేచింది. తారాబాయి చెయ్యి చాపి, మీద ఇంకొకటి పెట్టింది.

"మంచిగ సూడమను" అంది.