నల్ల అంచు కవరు

కంబదూరులో ఓబుళేసు పేరు చెబితే ఈనాటికీ ముసలమ్మలు వేలు కొంగులో దాచుకుంటారు. మలేరియా సూపర్‌వైజరుగా ముప్పై రెండేళ్ళు చేసి, ఆ చుట్టుపక్కల ఊళ్ళలో అతను సూది పొడవని వేలు లేదు. ఎవరికైనా జ్వరమని తెలిస్తే చాలు, గాజుపలకలు పట్టుకుని గుమ్మంలో ప్రత్యక్షం. రక్తపు చుక్క తీసుకుంటే గానీ కదిలేవాడు కాదు. దోమల మందు కొట్టించిన గోడను వారం తిరక్కుండా ఎవరైనా పేడతో అలికితే వీధంతా వినేలా తిట్టేవాడు. జనం కూడా తక్కువ తినలేదు. తలుపులు వేసుకున్నారు, కుక్కల్ని ఉసిగొల్పారు, ఒకావిడ అలుకుతున్న పేడనీళ్ళే నెత్తిన కుమ్మరించింది. రిటైరైన రోజు ఆఫీసువాళ్ళు దండ వేశారు. ఊరు మాత్రం పీడ వదిలిందనుకుంది.

అలాంటి మనిషికి స్టాంపుల పిచ్చి దోమ వల్లే పట్టింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో బెంగళూరు ట్రైనింగులో ఒక డాక్టరు అతని చేతిలో వియత్నాం స్టాంపు పెట్టాడు. 1962లో దేశదేశాలు మలేరియా మీద స్టాంపులు వేసినప్పటిది. వేలిగోరంత కాగితం మీద తన పని! ఇక్కడ తనను చూసి జనం తలుపులు మూస్తుంటే, యుద్ధంలో ఉన్న ఒక దేశం ఆ పనిని ఉత్తరాల మీద అంటించి ఊరేగించిందా అని ఓబుళేసు పొంగిపోయాడు. ఆ రోజు నుంచి వియత్నాం, అందులోనూ ఆరోగ్యం. టీకాలు, క్షయ, పోలియో, రెడ్‌క్రాసు, రక్తదానం. వేరే దేశానిది ఊరికే ఇచ్చినా ముట్టడు. పిల్లలు లేరు. భార్య పోయాక ఆ ఆల్బములతోనే కాపురం.

ఇంటికి మధ్యలో గోడ ఉంది. అవతలి సగంలో తమ్ముడు చెన్నప్ప పెళ్ళాం హనుమక్క ఉంటుంది. ఏడేళ్ళుగా ఓబుళేసుకూ ఆమెకూ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. కారణం చిన్నదేం కాదు. చెన్నప్పకు జ్వరం తగిలిన రోజు ఓబుళేసు బెంగళూరులో స్టాంపుల ఎగ్జిబిషన్‌లో ఉన్నాడు. హనుమక్క ఫోన్ చేస్తే, "మామూలు జొరమేలే, ఎల్లుండి వస్తా" అన్నాడు. ఎల్లుండి వచ్చేసరికి తమ్ముడిని చాపలో పడుకోబెట్టి ఉన్నారు. శవం ముందే హనుమక్క నిలదీసింది.

"ఊరందరి రగతం తీసినావు గదా, నీ తమ్మునిది తీసేదానికి చెయ్యి రాలేదా? మీ తమ్మునికి కావాల్సింది జొరం బిళ్ళలు బావా. నువ్వు తెచ్చినవి స్టాంపు బిళ్ళలు."

ఆ మాట ఓబుళేసు గుండెలో ముల్లులా దిగింది. తప్పు తనదేనని తెలుసు కాబట్టే ఒప్పుకోలేకపోయాడు. ఎదురు తిట్టాడు. పెద్దకర్మ కాగానే గోడ లేచింది. అప్పటి నుంచి ఆమె అతనితో మాట్లాడలేదు, గోడతో మాట్లాడేది. పొద్దున్నే కసువు ఊడుస్తూ, అతనికి వినబడేలా, "ఎప్పుడు పోతాడో, ఎప్పుడు ఈడ చల్లగా ఉంటాదో" అనేది.

ఇంట్లో ఈ శత్రువు చాలదన్నట్టు అనంతపురంలో ఇంకొకడు. రిటైర్డ్ హెడ్మాస్టరు రామదాసు. జిల్లా స్టాంపుల సంఘానికి ఆయనే అధ్యక్షుడు, ఏటా జరిగే ప్రదర్శనకు ఆయనే జడ్జి. పోయినేడు ఓబుళేసు స్టాంపులు అంటించి పెట్టిన షీట్ల ముందు నిలబడి, పదిమందిలో ఇలా అన్నాడు.

"ఏమప్పా ఓబుళేసూ, ఇవి ఒక్క ఉత్తరమన్నా మోసినాయా? అచ్చేసి, దాని మీదే ముద్ర కొట్టి, పొట్లాలు కట్టి పిల్లోళ్ళకు అమ్మే సరుకు ఇది. నీది సేకరణ గాదు, అంగడి."

ఓబుళేసుకు ఒళ్ళు మండింది. ఎందుకంటే అది నిజం. వియత్నాం స్టాంపుల్లో అలాంటివే ఎక్కువ. నిజంగా పోస్టులో ప్రయాణించి వచ్చిన కవరు ఒక్కటైనా ఉంటే గానీ రామదాసు నోరు మూతపడదు. ఆ ఏడాదంతా ఓబుళేసు బతికింది ఆ ఒక్క కవరు కోసమే.

హనోయిలో థాన్ అనే ముసలాయన ఉన్నాడు. అతనికీ ఇదే పిచ్చి. పదేళ్ళుగా ఇద్దరూ వచ్చీరాని ఇంగ్లీషులో రాసుకుంటున్నారు. థాన్ తమ్ముడు డాక్టరు, కోవిడ్‌లో పోయాడు. అతని జ్ఞాపకంగా థాన్ పాతిక కవర్లు సొంతంగా అచ్చు వేయించుకున్నాడు. చుట్టూ వేలెడు నల్ల అంచు. రెండు కోవిడ్ స్టాంపులు, ఒక రెడ్‌క్రాసు స్టాంపు అంటించి, రిజిస్టర్ చేసి, ఒకటి నీకు పంపుతున్నానని రాశాడు. ఓబుళేసు ప్రదర్శన షీటు మధ్యలో దానికి చోటు వదిలి, చుట్టూ గీతలు కూడా గీసి పెట్టుకున్నాడు.

ఆ రోజుల్లోనే కంటికి శుక్లం ఆపరేషన్ పడింది. అనంతపురం వెళ్ళి, పాత కొలీగు కుళ్ళాయప్ప ఇంట్లో ఎనిమిది రోజులున్నాడు. వెళ్తూ హనుమక్కకు చెప్పలేదు. ఎందుకు చెబుతాడు?

తొమ్మిదో రోజు మధ్యాహ్నం నల్లద్దాలతో బస్సు దిగి ఇంటికొచ్చేసరికి హనుమక్క అరుగు మీద కూర్చుని ఉంది. తల తడి, చీర తడి. అతన్ని చూసి చప్పున లేచి నిలబడింది.

"నువ్వా?" అంది. ఏడేళ్ళలో అతనితో అన్న మొదటి మాట అది. ఆ వెంటనే అందుకుంది. "నీ బతుకు మీద మన్ను పొయ్య! యాడికి పోయినావు? ఇల్లు బీగమేసి చెప్పకుండా యాడ సచ్చినావు?"

ఎందుకు తిడుతోందో ఓబుళేసుకు అర్థం కాలేదు. తల తిప్పుకుంటే మురుక్కాలువ కనబడింది. అందులో నాలుగు ముక్కలు. నల్ల అంచు. సగానికి చినిగిన ఎర్ర శిలువ.

కొత్త కన్ను కదా, అన్నీ స్పష్టంగా కనబడ్డాయి. ఓబుళేసు కాలువలో దిగి ముక్కలు ఏరుకున్నాడు.

"మొగుడు పోయిన కసి ఇంగా తీరలేదా నీకు?" అని అరిచాడు.

"తీరలే. తీరదు" అని హనుమక్క తలుపు వేసుకుంది.

కవరు తనకు అందాలి గానీ ఆమె చేతికెలా వచ్చింది? ఓబుళేసు కోపమంతా పోస్టుమాన్ నరసింహులు మీదికి మళ్ళింది. తడి ముక్కలు తువ్వాలులో చుట్టుకుని, పై అధికారికి ఫిర్యాదు రాసి జేబులో పెట్టుకుని పోస్టాఫీసుకు పోయాడు. గుమ్మంలో అతన్ని చూడగానే నరసింహులు చేతిలోని ముద్ర కింద పడేశాడు.

"అన్నా... నువ్వు బతికే ఉండావా?"

"ఏమి కూస్తాండావు?"

నరసింహులు చెమట తుడుచుకుని చెప్పాడు. "తప్పయిపోయింది అన్నా. నీ ఇల్లు బీగమేసి ఉంటే, మీ ఇంటి మనిషే గదాని ఆయక్కకిస్తి. 'ఎవురిదప్పా?' అనింది. 'ఓబుళేసన్నది' అంటి. ఆయక్కకు సదువు రాదు గదా. నల్లంచు చూసె, ఆ ఎర్ర గుర్తు చూసె. 'ఆస్పత్రి నుంచా?' అనింది. స్టాంపుల్లో డాక్టర్లు ఉండారని నేనూ తలకాయ ఊపితి. నాలుగిండ్లు దాటినానో లేదో ఏడుపు వినబడె. వెనక్కొచ్చి చూస్తే కాగితం చించి పారేసి, కొళాయి కాడ తలకు నీళ్ళు పోసుకుంటాండాది. ఏమక్కా అంటే, 'మా బావ పోయినాడప్పా' అనింది. నేనూ నిజమే అనుకుంటి."

ఓబుళేసు తువ్వాలు విప్పి ముక్కల వైపు చూశాడు. నల్ల అంచుతో చావు కబురు తెచ్చిన కాగితాన్ని ఆ ఊళ్ళో ఎవరూ గడప దాటనివ్వరు. విన్న చోటే చించేసి తలకు నీళ్ళు పోసుకుంటారు. అయినవాళ్ళు మాత్రమే పోసుకుంటారు. ఫిర్యాదు కాగితం జేబులోనే ఉండిపోయింది.

ఇంటికొచ్చి హనుమక్క తలుపు కొట్టాడు. గోడ లేచాక అది మొదటిసారి.

"నేను సచ్చినానని ఏడిస్తివంట?"

"ఎవురు చెప్పినారు? ఏడ్చలే. నీళ్ళు పోసుకుంటి, అంతే."

"ఏడేండ్లుగా పోతాడు పోతాడని శాపనార్థాలు పెడతివి. ఇప్పుడెందుకు నీళ్ళు?"

హనుమక్క అతని నల్లద్దాల వైపు చూసింది. గొంతు తగ్గించలేదు.

"తిట్టేది నేనే, పోసుకునేదీ నేనే. నేను గాకపోతే ఇంకెవురుండారు బావా నీకు? ఊరంతా వేళ్ళు పొడిచి తిరిగితివి గదా, నువ్వు పోతే ఒక్కరన్నా చెంబుడు నీళ్ళు పోసుకుంటారా, చెప్పు?"

తమ్ముడు పోయిన నాటి నుంచి ఒప్పుకోలేని 'తప్పు నాదే' అన్న మాట ఇప్పుడైనా బయటికి వస్తుందేమో అనుకున్నాడు ఓబుళేసు. రాలేదు. ఆమే మళ్ళీ అంది.

"అట్లాంటి కాగితాలు ఇంగోసారి తెప్పించుకోగాకు. వస్తే మల్లా చించుతా."

పదిహేను రోజుల తర్వాత అనంతపురంలో ప్రదర్శన జరిగింది. ఓబుళేసు షీటు మధ్యలో, గీతల నడుమ, నాలుగు ముక్కలు అతికించిన కవరు ఉంది. మురికి మరకలు పోలేదు. హనోయి ముద్ర సగమే మిగిలింది. రామదాసు కళ్ళజోడు సవరించుకుని వంగి చూసి నవ్వాడు.

"ఎట్టకేలకు పోస్టులో తిరిగిన కవరు సంపాదిస్తివే! కానీ ఏం లాభమప్పా, చినిగిన కాగితానికి మార్కులెట్ల వేసేది? ఇట్లా చించిన పనికిమాలినోడు ఎవుడో చెప్పు, సంఘం తరఫున నోటీసు ఇప్పిస్తా."

"సార్, మాట జాగ్రత్త" అన్నాడు ఓబుళేసు. చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. "మార్కులు వేస్తే వెయ్యి, లేకుంటే పో. చించింది మా తమ్ముని పెండ్లాం. నేను సచ్చినానని చించింది."