ఎర్రరాయి గంట

"దేవదానం సారు పోయిండు పంతులూ!" అని తాండూరు బండి దిగిన కమ్మరి బ్రహ్మయ్య చెప్పగానే నా నోట వచ్చిన మొదటి మాట, "మళ్లీ కొలిమి కూలిందా?" అని. జ్వరంతో, మంచం మీద, సామాన్య మానవునివలె ప్రభువు సన్నిధికి చేరాడట! నేనింకా నమ్మలేకున్నాను.

మా వికారాబాదు బడిలో ఆయన విజ్ఞానశాస్త్రోపాధ్యాయుడు, నేను తెలుగు పండితుణ్ణి. బడిగంటగా వేలాడే రైలు పట్టా ముక్కను స్టేషనువారు తమదేనని పట్టుకుపోయిన నాడు ప్రార్థనా సమావేశంలో ఆయన భీషణ ప్రతిజ్ఞ చేశాడు: "అనంతగిరి ఎర్రరాయిల ఇనుమున్నది. గంట మనమే తీద్దం. తియ్యకపోతే తరగతిల కాలు వెట్ట!"

బడి వెనుక మట్టికొలిమి లేచింది. దంచిన ఎర్రరాయి, బొగ్గు వరుసలుగా పోసి, బ్రహ్మయ్య ఇచ్చిన తోలుతిత్తితో గాలి ఊదాలి. ఆ మహద్భాగ్యం అడగకుండానే నాకు దక్కింది. "ఇనుముని ప్రాణవాయువు పట్టుకొని కూసున్నది పంతులూ. బొగ్గు దాన్ని గుంజుకపోతది. నువ్వు ఊదు!" ఊదాను. నా పంచె అంచు కాలింది, కొలిమి కూలింది. మళ్లీ కడితే నల్లని చిట్టెం తప్ప ఏమీ రాలేదు.

పొగ చూసి పోలీసు జవాను వచ్చాడు. "సారూ, యురేనియం తీస్తున్రట? బాంబు గిట్ల చేస్తున్రా?" సారు ముఖం వెలిగిపోయింది. అతణ్ణి కూర్చోబెట్టి, యురేనియం రాయిని ఎట్లా నలగగొడతారో, ఆమ్లంలో కరిగించి పసుపుపచ్చని పొడిగా ఎట్లా రాబడతారో, గుట్టంత రాయికి గుప్పెడు లోహం ఎట్లా దక్కుతుందో పొద్దుగూకేదాకా బోధించాడు. "జర ఇడిసిపెట్టున్రి సారూ, ఇంట్ల పరేషాన్ అయితున్నరు" అని వేడుకొని జవాను పరారయ్యాడు.

ఒకనాడు బూడిదలో ముద్ద దొరికింది. సాక్షాత్తూ ఇనుము! పిల్లలు సారును భుజాలకెత్తుకున్నారు, నేను ఆశువుగా పద్యమందుకున్నాను. బ్రహ్మయ్య తిత్తిని అటూ ఇటూ తిప్పి చూసి, "అంత మంచిగనే ఉన్నది గని, నా తిత్తి గొట్టమేది సారూ?" అన్నాడు. తిత్తి కొసనున్న ఇనుప గొట్టమే ఊడి కొలిమిలో పడి ముద్దయింది!

నవ్వి నవ్వి నాకు కడుపు నొచ్చింది. సారు నవ్వలేదు. మర్నాటినుంచి తరగతి బయట ఎండలో నిలబడి, కిటికీ చువ్వల మధ్యనుంచి పాఠం చెప్పసాగాడు. వానలు పడేలోగా లోపలికి రాకపోతే మరొకరిని పెట్టుకుంటానని పెద్దసారు తెగేసి చెప్పాడు. అప్పుడు నా నవ్వు ఆగింది. నోరు మూసుకుని మళ్లీ తిత్తి పట్టాను.

ఈసారి నిమ్మకాయంత ఇనుము వచ్చింది. బ్రహ్మయ్య ముందు గొట్టం తడిమి చూసుకున్నాడు, తరువాతే దాన్ని సాగగొట్టి అరచేతంత రేకు చేశాడు. వేలాడదీసి కొడితే "టుక్కు" మంది. పక్క గదికి కూడా వినబడలేదు.

"ఇదేం గంటయ్యా, ఎవరికీ వినబడదు!" అన్నాను.

"వినాలనుకున్నోళ్లు దగ్గరికొస్తరు పంతులూ" అని, ఆ మహానుభావుడు పెళ్లికొడుకు దర్జాతో తరగతిలోకి నడిచాడు.

అటువంటి మొండివాడు, అటువంటి గురువు మాకిక దొరకడు. నిన్న సంతాపసభలో ఆ గంటే కొట్టారు. తాండూరు, దౌల్తాబాదు నుంచి వచ్చిన శిష్యులూ, ముసలివాడైన ఆ జవానూ, అంతా రేకు చుట్టూ దగ్గరగా జరిగి ఊపిరి బిగబట్టారు. బ్రహ్మయ్య సుత్తి ఎత్తి కొట్టాడు. అందరికీ వినబడింది.