ఇంటర్వ్యూకు తోడొచ్చిన పక్కింటామె

జడ్చర్ల బస్టాండుల పొద్దుగాల ఐదున్నరకు ఎక్స్‌ప్రెస్ ఎక్కినం, నేను, మా నాయినమ్మ. హైదరాబాద్‌ల నాకు మెడికల్ సీటు ఇంటర్వ్యూ. నీట్ గట్టెక్కిన గానీ ఇక్కడ సీటొచ్చే ర్యాంకు రాలే. బయటి దేశం కాలేజీవాళ్ళు నారాయణగూడల ఒక హోటల్‌కు వచ్చి పిల్లలను చూస్తరట, మెప్పించిన కొందరికి ఫీజు సగం తీసేస్తరట. సగం తీసేస్తేనే నా చదువు, లేకుంటే లేదు. మీలో ఎవరన్న ఇదే పని మీద పోయేటట్టుంటే దారి, తిండి అన్నీ రాస్త. నేను చేసింది కూడా రాస్త, అది మాత్రం చెయ్యకున్రి.

నాయినకు మిల్లుల సెలవు దొరకలే, అమ్మ చెల్లెను విడిచి రాలేదు. "నేనొస్త" అని నాయినమ్మ ముందురోజే మంచి చీర తీసి పెట్టుకుంది. ఆధార్ చూపిస్తే ఆడోళ్ళకు టికెట్ పైసలు లేవు, ఇద్దరం ఉత్తగనే పోయినం. షాద్‌నగర్‌ల ఎక్కి మా పక్కన కూసున్నామె యాడికి పోతున్నరని అడిగిందో లేదో, నాయినమ్మ మొదలుపెట్టింది. ఇది నా మనుమరాలు, డాక్టర్ అయితది, చిన్నప్పుడే నా కాలుల ముల్లు తీసిందని ఆరాంఘర్ దాక ఒకటే చెప్పుడు. ఇంకా సీటే రాలే, జర ఊకో అని మోచేతితోటి పొడిచిన కూడా.

ఎనిమిదింటికి ఇమ్లీబన్ బస్టాండుల దిగి, సిటీ బస్సు పట్టి చిక్కడపల్లికి పోయినం. గుడి సందు మొదట్ల బండి మీద ఇడ్లీ బాగుంటది, చట్నీ రెండోసారి అడిగినా మొఖం ముడవరు.

అక్కడికెళ్ళి అశోక్‌నగర్. ఇంటర్వ్యూలకు తర్ఫీదు ఇచ్చే సారు ఒకాయన ఉన్నడని నా దోస్తు చెప్పింది. జిరాక్స్ షాపు మీద గది. ఆ గల్లీ అంతా సర్కారు నౌకరీల పరీక్షలకు చదివేటోళ్ళే, నడవనీకి జాగ ఉండదు. మెట్లు ఎక్కలేనని నాయినమ్మ కిందనే కూసుంది. డాక్టర్ ఎందుకు కావాలె అని సారు అడిగితే బయాలజీ ఇష్టమని చెప్పిన. ఆయన పెదవి విరిచిండు. అందరూ గిదే చెప్తరు, ఇంట్ల ఎవరన్న వైద్యం అందక పోయిన్రా అన్నడు. లేదన్న.

"నాయినమ్మ ఉందా?"

"కింద మెట్ల మీద కూసుంది సార్."

"ఇయ్యాల్టికి పోయిందనుకో. నాయినమ్మ అంటే ఎవరికైన మనసు కరుగుతది."

గదిల ఉన్న పిల్లలు నవ్విన్రు, నేనూ నవ్విన. నవ్వి, ఆయన చెప్పిన ఇంగ్లీషు ముక్కలన్నీ బట్టీ పట్టిన.

నారాయణగూడకు ఆటో వద్దన్నది నాయినమ్మ. నడిచినం. ఫుట్‌పాత్ సగం బండ్లే ఉంటయి, పెద్దోళ్ళతోటి పోయేటోళ్ళు ఆటోనే మాట్లాడుకోవాలె. దారి పొడుగునా నేను ఆమె చావును ఇంగ్లీషుల గొణుక్కుంట నడుస్తుంటే, బిడ్డ చదువుకుంటుందని నా సంచి ఆమె మోసింది. ఫ్లైఓవర్ నీడకు నిలబడి జొన్నరొట్టె, పల్లికారం తిన్నం. నాకు ఆకలైతలేదంటే తునక తుంచి నోట్ల పెట్టింది.

రెండింటికి పిలిచిన్రు. టేబుల్ అవుతల ఇద్దరు విదేశీయులు, ఒక తెలుగు సారు. అడగనే అడిగిన్రు, డాక్టర్ ఎందుకని. మా నాయినమ్మకు గుండెనొప్పొచ్చి, అంబులెన్స్ దొరకక, నా చెయ్యి పట్టుకునే పానం విడిచిందని చెప్పిన. ఏడుపు నటించాలనుకున్న గానీ అది నిజంగనే వచ్చింది. విదేశీ మేడమ్ కండ్లు తుడుచుకోమని కాగితం ఇచ్చింది. ఇగ లేచి పోవచ్చనుకున్న. తోడు ఎవరొచ్చిన్రో వాళ్ళను కూడా పిలువున్రి అన్నరు. ఈ సంగతి అశోక్‌నగర్ సారు చెప్పలే.

నాయినమ్మ కొంగు సదురుకుంట వచ్చింది. తెలుగు సారు మర్యాదగ కూసోబెట్టిండు.

"ఈ పిల్ల వాళ్ళ నాయినమ్మ పోయిన సంగతి చెప్పి ఏడ్చిందమ్మా, పాపం. మీరేమైతరు?"

నాయినమ్మ నా దిక్కు చూసింది. నేను నేల చూసిన. భూమి పగిలి లోపలికి పోతే బాగుండు అనిపించింది.

"పక్కింటామెను సారూ," అన్నది. "ఆమె, నేను ఒక ఈడోళ్ళం. చానా మంచిది ఉండె."

అంత దూరం ఆడపిల్లను ఇంట్లోళ్ళు పంపుతరా అని సారు అడిగిండు.

"ఎందుకు పంపరు? ఆమె బతికుంటే అందరికన్న ముందుగాల తానే పంపుతుండె."

బయటికొచ్చినంక నా సంచి అందుకొని ముందు నడిచింది. తిట్టినా, రెండు ఏసినా బాగుండు. ఇమ్లీబన్‌ల నాలుగున్నరకు మా దిక్కు బస్సు ఉంది, జల్ది పోతే సీటు దొరుకుతది. మాకు దొరికింది. ఈసారి కిటికీ పక్కన ఆమె కూసుంది. శంషాబాద్ దాటినంక అడిగింది.

"ఎట్ల సచ్చిపోయిననే నేను?"

"గుండెనొప్పి."

"దవాఖానకు తోలుకపోలేదా?"

"బండి దొరకలే అని చెప్పిన."

ఊఁ అని, సంచిలకెళ్ళి మిగిలిన రొట్టె తీసి నా ఒళ్ళె పెట్టింది. తప్పయింది నాయినమ్మా అన్న. తిను, పొద్దటి సంది సక్కగ తినలే అన్నది. రొట్టె తుంచి సగం ఆమె చేతుల పెట్టిన. చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ, ఒక్క పూటల నడిచి చూడదగ్గ జాగలే. నాకు మాత్రం ఆ రోడ్లు మళ్ళ తొక్కబుద్ధి అయితలేదు.

షాద్‌నగర్ వస్తుందనంగ ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. సగం ఫీజు సీటు నాకు ఇచ్చిన్రు. చదివి చెప్పిన. నాయినమ్మ మొఖం ఎలిగిపోయింది. నా మీదికెళ్ళి అవుతల సీటు దిక్కు వంగింది, అక్కడ ఎవరో ముసలామె కూసుంది. నోరు తెరిచి, ఆగింది. మళ్ళ నా చెవుకాడికి వచ్చి మెల్లగ అడిగింది.

"ఇప్పుడు నా మనుమరాలని చెప్పొచ్చునా బిడ్డా?"