అల్యూమినియం మీద ఎర్ర గీత

నిన్న మోసింది గనుక రేపూ మోస్తుందని మీకెవరు చెప్పారు, సహోదరులారా? ఈ ప్రశ్న నాది కాదు. మంగళవారం ఉదయం షామ్‌బర్గ్ ఆసుపత్రిలో ప్రభువు పిలుపు అందుకున్న మన సంఘపెద్దది.

లోహాలు ఎప్పుడు అలసి విరుగుతాయో కనిపెట్టడమే ఆయన ఉద్యోగం. ఒకసారి నన్ను తన ల్యాబ్‌కి తీసుకెళ్లారు. సుద్దముక్కంత కడ్డీని యంత్రం వంచుతోంది, వదులుతోంది, మళ్లీ వంచుతోంది. చూస్తుండగానే టక్కున విరిగింది. ఆయన గ్రాఫ్ కాగితం మీద ఒక చుక్క పెట్టారు. బరువెంతో పైకి, ఎన్నిసార్లు మోసిందో పక్కకి. బరువు తగ్గించి ఇంకో కడ్డీ, ఇంకో చుక్క. ఆ చుక్కల మధ్యగా కిందికి దిగే గీత.

“ఉక్కు గీత ఇదిగో, ఇక్కడ చదునైపోతుంది బ్రదర్. ఇంతకన్నా తక్కువ బరువైతే మోస్తూనే ఉంటుంది. అల్యూమినియం గీత మాత్రం దిగుతూనే పోతుంది, ఎంత తక్కువ బరువైనా ఏదో ఒకరోజు విరగాల్సిందే.”

“మరి మనం ఏ లోహం, అన్నయ్యా?”

“అది మీ పాస్టర్ల డిపార్ట్‌మెంట్!” అని నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. ప్రభువు చెప్పిన ఉపమానంలో ఇసుక మీద ఇల్లు కట్టుకున్నవాడు గుర్తొచ్చాడు. వాన వచ్చేదాకా ఆ ఇల్లూ నిలబడే ఉంది కదా!

మన చర్చి బేస్‌మెంట్‌లో పిల్లల క్వయర్ ఎక్కే మడత వేదిక అల్యూమినియందే. వారం వారం దానిమీద చప్పట్లు కొడుతూ గెంతుతారు. క్రిస్మస్ ముందు మన లావుపాటి అంకుల్స్ నలుగురైదుగురు ఎక్కి గెంతి, “టెస్ట్ చేసేశాం అన్నయ్యా, పాస్!” అన్నారు. ఆయన ముఖం పాలిపోయింది.

“పాస్ కాదయ్యా, దాని ఆయుష్షు కొంత తినేశారు. బిర్యానీ చాల్లేదా మీకు?”

అప్పుడే మోకాళ్లూని అతుకులన్నిటికీ ఎర్ర రంగు పూశారు. కాసేపాగి తుడిచి, తెల్ల పొడి చల్లారు. పగులుంటే అందులో ఇంకిన రంగు పొడిలోకి పైకొస్తుందట. ఒక కాలి దగ్గర, తెల్లటి పొడిలోంచి, వెంట్రుకంత ఎర్ర గీత నెత్తురులా పైకి ఊరింది. ఆ కాలు మార్పించారు. “మిగతావి ఈస్టర్‌లోగా మళ్లీ చూడాలి” అన్నారు.

ఈస్టర్ నాటికి ఆయన ఆసుపత్రిలో ఉన్నారు. వేదికను ఎవరూ చూడలేదు. చివరిసారి నేను ప్రార్థన ముగించి ఆమెన్ అనగానే నా చెయ్యి పట్టుకుని, “ఇక వెళ్లి వేదిక చూడండి బ్రదర్” అన్నారు.

రేపు ఆయన భూస్థాపన కూడికలో పిల్లలు దానిమీదే నిలబడి పాడాలని మనలో కొందరు అనుకున్నారట! కళ్లు మూసుకుంటే ఆ తెల్లటి పొడే కనిపిస్తోంది, ఎర్ర గీత ఎక్కడ ఊరుతుందోనని వెతుకుతున్నాను. మన పిల్లలు నేల మీద నిలబడే పాడతారు. మెలకువగా ఉండమని మనకు ప్రభువు ఆజ్ఞ ఉంది. ఈ సాయంత్రమే రండి. ఆ వేదిక మడిచి బయట పెడదాం. రేపు కాదు, ఈరోజే.