బొమ్మ వెనకాల గడి

ఇందుమూలముగా బందరు బస్టాండు సందులోని సమస్త దుకాణదారులకూ, టీ తాగేవారికీ, పనేమీ లేక నిలబడేవారికీ తెలియజేయునది ఏమనగా: నేటి నుంచి ఈ సందులో ఎవరి టీలో పంచదార ఎక్కువైందో తీర్పు చెప్పు అధికారం ఎవరికీ లేదు. సైకిళ్ళు దారికి అడ్డంగా పెట్టుకొనవచ్చును. తిట్టేవారు లేరు. ఆ తీర్పులు చెప్పే మా మావయ్య పోయిన మంగళవారం నాగాయలంకలో, నిద్రలోనే పోయారు.

మావయ్య అంటే రక్తసంబంధం కాదు. నాది బోర్డులు రాసే కొట్టు, ఆయనది నా పక్కన ఎస్టీడీ బూత్. చిన్నప్పుడు అమ్మవారు పోసి రెండు కళ్ళూ పోయాయి. పుట్టింది దివిసీమలో వేటకెళ్ళే ఇంట్లో. కళ్ళు లేనివాణ్ణి పడవెక్కించరు కాబట్టి బందరు వచ్చి ఫోన్ల మధ్య కూర్చున్నారు. నేను పదో తరగతిని రెండుసార్లు పలకరించి వదిలేసినవాణ్ణి. ఇద్దరం ఒకరినొకరు వేళాకోళం చేసుకుంటూ పదేళ్ళు గడిపాం.

ఒకసారి ఎదురు కొట్లోంచి ఆయన బూత్‌కే ఫోన్ చేసి, గొంతు లావు చేసి, "మేం హైదరాబాద్ నుంచి మాట్లాడుతున్నాం, మీ బూత్ రద్దు చేస్తున్నాం" అన్నాను.

"అలాగేనండి. హైదరాబాద్‌లో కూడా మా సందులో సోడాబండి గంటే మోగుతోందే! ఫోన్ పెట్టేసి రారా బాబ్జీ, టీ చల్లారిపోతోంది" అన్నారు.

తరవాత సెల్‌ఫోన్లు వచ్చాయి. బూత్ నిజంగానే రద్దయినట్టయింది. పూటకి ఇద్దరొస్తే గొప్ప. మావయ్య ఏడవలేదు. విజయవాడలో చూపు లేనివాళ్ళకి కంప్యూటర్ నేర్పుతున్నారని తెలిసి వెళ్ళి, మూడు నెలలుండి, ఒక పాత కంప్యూటర్ కొనుక్కుని వచ్చారు. తెర మీద ఉన్న ఇంగ్లీషు అక్షరాల్ని పైకి చదివే గొంతొకటి ఉంటుంది అందులో. దానికి ఆయన పెట్టిన పేరు దొర. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే దొర వాటినీ చదివేవాడు, నోట్లో వేడి బజ్జీ పెట్టుకున్నట్టు.

అదే సమయంలో నాగాయలంకలో పడవలవాళ్ళూ రొయ్యల చెరువులవాళ్ళూ కలిసి ఒక సమాచార కేంద్రం పెట్టారు. రోజూ వాతావరణం, పోటు వేళలు, రొయ్య రేట్లు కంప్యూటర్‌లో పెడతారు. ఫోన్ చేసినవాళ్ళకి చదివి చెప్పే మనిషి కావాలి. మావయ్య దరఖాస్తు పెట్టుకున్నారు.

"ఇది రాకపోతే ఇంక మా అన్నయ్యగారి అరుగేరా. వచ్చేపోయేవాళ్ళు 'బాగున్నారా' అంటే 'బాగున్నా' అనడం ఒక్కటే ఉద్యోగం" అన్నారు. ఆయన గొంతులో భయం విన్నది ఆ ఒక్కసారే.

ఆ కేంద్రం పేజీ తయారుచేసే పని ఎవరికొచ్చిందంటారా? నాకే. గుడివాడలో కంప్యూటర్ డిజైనింగ్ నేర్చుకుని, కుంచె పక్కన పెట్టి మౌస్ పట్టిన రోజులవి. అప్పట్లో ఒకరి కంప్యూటర్లో కొట్టిన తెలుగు ఇంకొకరి కంప్యూటర్లో చీమలు పాకినట్టు కనిపించేది. అందుకని తెలుగు మాటలన్నీ బోర్డు రాసినట్టు రాసి, బొమ్మలుగా చేసి అతికించాను. రోజూ మారే అంకెలు ఆ బొమ్మని నొక్కితే వస్తాయి. పైన ఎగిరే రొయ్య. కింద ఆరుతూ వెలిగే స్వాగతం. నా జన్మలో అంత అందమైన బోర్డు రాయలేదు.

ప్రతి బొమ్మ వెనకాలా ఇంగ్లీషులో ఏదో రాయమని ఒక గడి అడిగేది. అది పేజీలో కనపడదు. అది ఎందుకో నాకు తెలియదు. గుడివాడలో చెప్పలేదు, ఇంకెవరూ చెప్పలేదు. బోర్డు రాసేవాడు మూలన సంతకం పెడతాడు కదా, అలాంటిదే అనుకుని నలభై బొమ్మలకీ నలభైసార్లు "ఆర్టిస్ట్ బాబ్జీ, బందర్" అని నింపేశాను.

మావయ్య ఉద్యోగానికి పరీక్షరోజు నాగాయలంకలో గది నిండా జనం. కేంద్రం ప్రెసిడెంటు గారు చెరువులున్న పెద్దరైతు. "ఏదీ, రేపటి పోటు ఎన్నింటికో చెప్పండి" అన్నారు. మావయ్య ఒక్కో బొమ్మ మీదికి గెంతే ట్యాబ్ మీట నొక్కారు.

"ఆర్టిస్ట్ బాబ్జీ, బందర్" అన్నాడు దొర.

మళ్ళీ నొక్కారు. "ఆర్టిస్ట్ బాబ్జీ, బందర్." ఇంకోటి. అదే.

"ఈ బాబ్జీ ఏంటండీ, కొత్త రకం చేపా?" అన్నాడు వెనక నుంచి ఒక పడవాయన.

"ఇవాళ సముద్రం నిండా అదేనండి. వలేస్తే చాలు" అన్నారు మావయ్య. గది గొల్లుమంది. నాకు నేల చీలితే బాగుండుననిపించింది.

ప్రెసిడెంటు గారు నవ్వలేదు. "ఏమనుకోకండి. పడవల వాళ్ళ ప్రాణాలతో పని. చూపున్నవాళ్ళనే పెట్టుకుంటాం" అన్నారు.

దొర నా పేరే ఎందుకు చదువుతున్నాడో మావయ్యకి ఒక్క క్షణంలో తెలిసిపోయింది. "తప్పు నాదండి. బొమ్మలో ఏముందో ఆ గడిలో రాస్తేనే కంప్యూటర్ నాకు చదివి పెడుతుంది. ఆ సంగతి మావాడికి నేను చెప్పలేదు. సోమవారం దాకా టైమివ్వండి" అన్నారు. ఇచ్చారు.

మూడు రోజులు బూత్‌లోనే కూర్చున్నాం. ముందు తెర ఆపేయించారు. నేను రాసింది దొర చదువుతాడు, ఇద్దరం వింటాం. మొదటి బొమ్మకి "పసుపు గడిలో ఎర్రక్షరాలు" అని రాశాను.

"రంగు నేనేం చేసుకోనురా? ఏం చెబుతోందో రాయి."

"రేపటి పోటు వేళ అని."

"అది అఘోరించు మరి."

ఎగిరే రొయ్య దగ్గరికొచ్చాం. "ఇదెందుకు?"

"అందానికి, మావయ్యా."

"అయితే గడి ఖాళీగా ఉంచు. దొర మాట్లాడకుండా దాటేస్తాడు. పనిలేని చోట నోరు మూసుకోవడం వాడికి తెలుసు. నీకే రాలేదు."

సోమవారం మళ్ళీ వెళ్ళాం. అక్కడ కంప్యూటర్లు రెండున్నాయి. నా బుద్ధి ఊరుకోదు కదా, "ప్రెసిడెంటు గారూ, ఒక దాంట్లో మీరు, ఇంకో దాంట్లో మావయ్య. పోటు వేళ ఎవరు ముందు చెబుతారో చూద్దాం" అన్నాను. ఆయన ధీమాగా మౌస్ పట్టుకున్నారు. మావయ్య వేలు మీట మీద నాలుగుసార్లు పడింది.

"ఉదయం తొమ్మిదిన్నర" అన్నారు.

ప్రెసిడెంటు గారు ఇంకా తెర పైభాగంలోనే ఉన్నారు. "ఆగవయ్యా, ఈ రొయ్య ఎగురుతుంటే చూపు అటే పోతోంది!"

"అది ఎగిరినంతసేపూ మీకూ నాకూ తేడా లేదండి" అన్నారు మావయ్య.

ఈసారి ముందు నవ్వింది ప్రెసిడెంటు గారే. ఉద్యోగం ఇచ్చేశారు. రొయ్యనీ, ఆరివెలిగే స్వాగతాన్నీ ఆ పూటే తీయించారు. ఆ తరవాత నేను ఏ పేజీ చేసినా తెర ఆపి ఒకసారి వినకుండా ఎవరికీ ఇవ్వలేదు.

పోయేదాకా మావయ్య ఆ కుర్చీలోనే ఉన్నారు. ఆదివారాలు బందరు వచ్చి టీల మీద తీర్పులు చెప్పి వెళ్ళేవారు. ఫోన్‌లో వాతావరణం చెప్పాక ఊరుకునేవారు కాదు. "ఏం విన్నావో తిరిగి చెప్పు" అనేవారు. గాలి ఉందంటే ఉందని అవతలివాడు ఒప్పుకున్నాకే ఫోన్ పెట్టేవారు. తనని ఎక్కించుకోని పడవలన్నీ ఆయన్నడక్కుండా కదిలేవి కావు. మంగళవారం కబురు చెబుతూ ప్రెసిడెంటు గారు, "పొద్దున్నించీ ఫోన్ మోగుతూనే ఉందయ్యా, తియ్యడానికి ఎవరికీ చెయ్యి రావడం లేదు" అన్నారు.

ఇక ఒప్పుకోవాల్సింది ఒకటుంది. ఆ గడి ఎందుకో నాకు తెలియదని పైన రాశాను చూడండి, అది శుద్ధ కల్పన. ఆ కల్పన మొదట చేసింది మావయ్యే. తన ఉద్యోగం చేజారుతున్న గదిలో నిలబడి, నా పరువు కోసం చేశారు. దాన్ని నేను ఇన్నేళ్ళూ వాడుకున్నాను, ఇవాళ అచ్చులో కూడా వాడుకోబోయాను. నిజానికి పరీక్షకి పదిరోజుల ముందే ఆయన నన్ను బూత్‌లో కూర్చోబెట్టి అంతా చెప్పారు. ఎవడు వింటాడులే, నా పేరైనా నాలుగూళ్ళు తిరుగుతుందని సంతకం కొట్టింది నేను.

అలా చెప్పిన రోజు రంగు మరకల నా చేతిని ఆయన తన చేత్తో పట్టుకుని మీటల మీద పెట్టారు. "బొమ్మ నువ్వు ఎలాగైనా వేసుకోరా. ఈ గడి మాత్రం నాది. ఇక్కడ నాకు చెప్పు. చెబుతావా?" అన్నారు. నేను తలూపాను. తలూపితే ఆయనకి తెలియదని కూడా తోచలేదు. నా వేళ్ళ మీంచి చెయ్యి తియ్యకుండా, చెవి కొంచెం ఇటు వంచి, నేను నోటితో ఏదైనా అంటానేమోనని ఆయన అలాగే ఎదురుచూస్తూ కూర్చున్నారు.