కొట్టంలో దాచిన కారు

ఆ మనిషి పేరు నేనడగలేదు. చెయ్యి మాత్రం గుర్తుంది.

యుద్ధంతో పెట్రోలు కరువై, దొర తన రెండు సీట్ల పందెం కారును ఎల్లారెడ్డిలో మా కొట్టంలో పెట్టించాడు. ఇరుసుల కింద దిమ్మెలు పెట్టి, తోలు సీట్లకు ఆముదం రాసేవాణ్ణి. కారును భద్రంగా దాచడంలో నా అంతవాడు లేడనుకునేవాణ్ణి.

ఒక సాయంత్రం ఇంటికి రావడానికి కామారెడ్డిలో, పెట్రోలు లేక బొగ్గుతో నడిపే బస్సెక్కాను. పక్కనున్నతను ముక్కు ఎగబీల్చాడు.

"అన్నా, నీ అంగి పెట్రోలు వాసన కొడుతున్నది."

కారు సంగతి గొప్పగా చెప్పాను.

"టాంకిల పెట్రోలు గట్లనే ఉన్నదా?"

"ఉన్నది. దొరకని సరుకు, పారబోస్తమా?"

"తలుపు?"

"బిగ్గ మూస్త. దుమ్ము రాకుంట గోడ సందులన్ని గూడ ఈ వారమే మట్టితోటి మెత్తిన."

"లోపట వాసన?"

"కారన్నంక రాదా? నువ్వేమన్న పోలీసు జమేదారువా, గిన్ని అడుగుతున్నవ్?"

అతను నవ్వలేదు. భుజం మీంచి చేతిని కప్పిన తువ్వాలు తీశాడు. కాలిన చేతికి వేళ్లన్నీ ఒకటిగా అతుక్కుపోయి ఉన్నాయి.

"నాది గూడ గిట్లనే మూసిన కొట్టం. దీపమెవలన్న పెడతరా?"

"నా పెండ్లాం. శుక్రారం శుక్రారం, బండి లక్ష్మి గదా అని."

"ఇయ్యాల శుక్రారమే."

ఎల్లారెడ్డి రెండు మైళ్లుందనగా బస్సు బొగ్గు వేసుకోవడానికి ఆగింది. దిగి పరుగెత్తాను.

కొట్టంలో, కారు ముందు, నా భార్య ప్రమిద పెట్టుకుని కూర్చుంది.

"పుల్లలు సెమ్మకు మెత్తబడ్డయి. మూడు గీకిన, ఒక్కటంటుకుంటలేదు. ఇగో, నువ్వన్న గీకు" అని అగ్గిపెట్టె నా చేతిలో పెట్టింది.