ఒకే బిల్లులో మూడు సామాన్లు

2008లో సింగపూరు ఎగ్జిబిషన్‌కు ధర్మవరం చేనేత సంఘం తరఫున మంజునాథ్ వెళ్ళొచ్చాడు. సంఘం లెక్కలు రాసేది అతని భార్య యశోద. మొగుడు ఖర్చుపెట్టడమేమిటి, పెళ్ళాం లెక్క రాయడమేమిటని కొందరు అప్పటికే గొణుగుతున్నారు. అందుకే అతను బ్యాగులోంచి సామాన్లు తీస్తుంటే ఆమె ముందు బిల్లు అడిగి తీసుకుంది.

సంఘం కార్డుతో, ఒకే బిల్లు మీద మూడు వస్తువులు కొన్నాడతను. జరీ తూచే మెషీన్ నూట యాభై సింగపూరు డాలర్లు. స్టాలులో చీరల రంగు తేలడానికి ల్యాంపు, అరవై. మూడోది తొంభై డాలర్ల బీపీ మెషీన్.

"ఇది సంఘానికెందుకు?" అంది యశోద.

"మాయమ్మకు. మొన్న కళ్ళు తిరిగి మగ్గం గుంతలో పడింది కదా. నా చేతిలో దుడ్లు అయిపోయినాయి. ల్యాంపులో కలిపి రాసేయి. ఎవరు చూస్తారు?"

మరునాడు పొద్దున్నే యశోద కంప్యూటర్ ముందు కూర్చుంది. లెక్క రాసే పద్ధతి బెంగళూరులో ఉండే మరిది మధు నేర్పింది. మామూలు టెక్స్ట్ ఫైల్లో ఏ ఖర్చు ఏ పద్దు కిందికి వస్తుందో వరుసగా టైపు చేయాలి. డాలర్లయితే పక్కనే రూపాయి రేటు వేయాలి. అన్నీ కలిపి కార్డులో పోయిన సొమ్ముకు సరిపోకపోతే ప్రోగ్రాం ఒప్పుకోదు.

డాలరుకు ముప్పై చొప్పున రాస్తే తొమ్మిది వేలయింది. బ్యాంకు పట్టుకున్నది తొమ్మిది వేల మూడు వందల పదిహేను. ప్రోగ్రాం తప్పు చూపించింది. కాసేపటికి అర్థమైంది, ఎక్కువ పోయింది బ్యాంకు కమీషను. దాన్ని మూడు వస్తువులకూ ధరను బట్టి పంచాలి.

పంచుతూ పంచుతూ, మొగుడు చెప్పినట్టు బీపీ మెషీన్‌ను ల్యాంపులో కలిపి చూసింది. ప్రోగ్రాం కిమ్మనలేదు. లెక్క సరిపోయింది. అది తప్పు పట్టి ఉంటే బాగుండునని ఆమెకనిపించింది.

ఆ వరుస చెరిపేసింది. 'మంజునాథ్ ఇవ్వాల్సింది' అని వేరే పద్దు తెరిచి, బీపీ మెషీన్ ధరా దాని వాటా కమీషనూ కలిపి రెండు వేల ఏడు వందల తొంభై నాలుగున్నర అందులో వేసింది.

సాయంత్రం మీటింగులో ఎవరూ అడగకముందే ఆ పద్దు చదివి వినిపించింది. మంజునాథ్ తల దించుకున్నాడు.

"ఏమప్పా, సంఘం కార్డు నీ ఇంటిదనుకుంటివా?" అన్నాడు ప్రెసిడెంటు ఉలిగప్ప.

"తప్పయింది మామా. నెలాఖరుకు కట్టేస్తా."

"ఇట్లాంటివి ఇంకెన్ని ఉండాయో!" అన్నాడు వెనకనుంచి సంఘం సభ్యుడు కదిరప్ప.

యశోద లేచి నిలబడింది. "ఫైలంతా ప్రింటు తీసిస్తా. నువ్వే చూసుకో కదిరప్ప మామా."

ఆ కాగితాలు అతను వారం పాటు తన ఇంట్లో పెట్టుకున్నాడు. ఆ వారమంతా ఆమెకు ముద్ద దిగలేదు. తాను చేయని తప్పేదో దొరుకుతుందేమోనన్న భయం. ఏమీ దొరకలేదు. అయినా మరుసటి ఎగ్జిబిషన్‌కు మంజునాథ్‌ను పంపలేదు. యశోద రాసినదాని మీద ఇంకొకరు సంతకం పెట్టాలని తీర్మానించారు.

మంజునాథ్ ఇంట్లో ఆమెతో సరిగా మాట్లాడడం మానేశాడు. ఒక ఉదయం తల్లి సిద్ధమ్మ చేతికి బీపీ మెషీన్ పట్టీ చుట్టి, అంకెలు చూసి, వంటింటివైపు కేకేశాడు.

"యశోదా, ఈడికి రా. ఇది ఎక్కువేనా?"

ఆమె తడిచేతులతోనే వచ్చి చూసింది. చాలా ఎక్కువ. పెద్దాసుపత్రిలో చూపించడానికి ఇద్దరూ కలిసి ముసలమ్మను అనంతపురం బస్సెక్కించారు.